ఊరు మారే ఆలోచనలో ఉన్నప్పుడే దూరపు బంధుత్వాలను నిలుపుకోవడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరు విడిచి వెళ్లాలన్న ఆలోచన ఏ ఇంటికీ కొత్తది కాదు. నెల్లూరు వైపు వారికి చెన్నై పక్కనే ఉన్నట్టు ఉంటుంది. ఒంగోలు, కందుకూరు వైపు పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ హైదరాబాదు చేరుతున్నారు. కనిగిరి, పామూరు మెట్ట ఊళ్ల నుంచి బెంగళూరుకు పనికి వెళ్లినవారు ఉన్నారు, కువైట్‌లోనో అమెరికాలోనో ఒకరైనా లేని బంధువర్గం అరుదు. వెళ్లాలా వద్దా అని ఇంట్లో మాటలు మొదలైనప్పుడు జీతం, అద్దె, పిల్లల బడి లెక్కకు వస్తాయి గాని పెదనాయన వరస వారి సంతానం, అమ్మమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు, ముత్తాత నాటి దాయాదులు లెక్కలోకి రారు. వారితో మనకు నేరుగా మాటలు ఉండవు, అమ్మ ద్వారానో మేనత్త ద్వారానో కబుర్లు తెలుస్తుంటాయి. ఊరు మారిన తరువాత ముందుగా తెగేది ఈ వరసే. ప్రేమ ఉన్నా సరే, కబురు మోసే మనిషి మధ్యలో లేకపోతే బంధుత్వం నిలవదు. అందుకే ఈ పనిని సామాను కట్టే రోజులకు వదిలిపెట్టకుండా, ఇంకా ఆలోచిస్తున్న నెలల్లోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నెలల్లో చేయవలసిన పనులు ఏవో, ఏ వరసలో చేయాలో కింద వివరంగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: మీ ఇంట్లో కబురు మోసేది ఎవరో గుర్తించండి

ప్రతి ఇంట్లో ఒక మనిషి ఉంటారు. ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, ఎవరికి ఆపరేషను జరిగింది, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారు అన్నవన్నీ వారికి తెలుస్తాయి. చాలా ఇళ్లలో వారు అమ్మమ్మో, జేజో, పెళ్లై పక్క ఊరిలోనే ఉన్న మేనత్తో అవుతారు. గత ఏడాదిలో మీకు తెలిసిన బంధువుల కబుర్లలో ఒక్కొక్కటీ ఎవరి నోటి వెంట విన్నారో గుర్తు చేసుకుంటే ఆ మనిషి ఎవరో తేలుతుంది. మీరు వెళ్లిపోతే ఆ మనిషికీ మీకూ మధ్య మాటలు ఎలా సాగుతాయి, ఆ మనిషికి వయసు మీదపడితే ఆ పనిని ఎవరు అందుకుంటారు అన్నవి ముందుగా ఆలోచించవలసిన రెండు ప్రశ్నలు. రెండో ప్రశ్నకు జవాబు దొరకకపోతే, ఆ పని మీదేనని అనుకుని కింది మెట్లు ఎక్కండి.

రెండో మెట్టు: చదివింపుల పుస్తకం ముందు పెట్టుకుని పట్టిక రాయండి

బంధువుల పట్టికను జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తే ముప్పై పేర్ల దగ్గర ఆగిపోతుంది. మీ అమ్మానాన్నల పెళ్లి నాటిదో, మీ అక్క పెళ్లి నాటిదో చదివింపుల పుస్తకం బీరువాలోనో పెట్టెలోనో ఉంటుంది, దాన్ని బయటికి తీయండి. పొడుగాటి లెక్కల పుస్తకం, మొదటి పేజీలో పసుపు బొట్లు, శ్రీరస్తు, శుభమస్తు, ఆ కింద వరస సంఖ్య, ఇంటిపేరుతో సహా మనిషి పేరు, ఊరు, ఎదురుగా నూట పదహారో, ఐదు వందల పదహారో, కొన్నిచోట్ల డబ్బుకు బదులు స్టీలు బిందె అనో పట్టుచీర అనో రాసి ఉంటుంది. బంధువర్గమంతా ఒకేచోట, ఊరితో సహా నమోదైన కాగితం ఇంతకంటే మంచిది మరొకటి ఉండదు. ఒకే ఊరి నుంచి వచ్చినవారు సాధారణంగా ఒకరి వెనక ఒకరు చదివిస్తారు. అందువల్ల ఒక పేరు ఎవరిదో తెలియకపోయినా పైనా కిందా ఉన్న పేర్లను బట్టి ఏ వైపు వారో తేల్చవచ్చు.

ఆ పుస్తకాన్ని ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని చదవండి. ఫోనులో రికార్డింగు పెట్టి, ఒక్కొక్క పేరూ చదువుతూ, మనకు ఏ వరస, ఎవరి ద్వారా ఆ వరస, ఇప్పుడు ఉన్నారా, పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారు అని అడగండి. ఒక్క పూటలో ముగించాలని చూడవద్దు, పెద్దవారు అలసిపోతారు. పైగా పేరు వినగానే వారికి గుర్తొచ్చే పాత సంగతుల్లోనే మీకు కావలసిన వివరాలు దొరుకుతాయి. తరువాత ఒక నోటుపుస్తకంలో పేరు, ఇంటిపేరు, మనకు వరస, ఎవరి ద్వారా, ఊరు, ఫోను నంబరు, చివరిసారి కలిసిన సందర్భం అన్న గడులు గీసి ఎక్కించండి. వీటిలో ‘ఎవరి ద్వారా’ అన్న గడిని ఎప్పుడూ ఖాళీగా వదలకండి. నంబరు మారినా, ఊరు మారినా ఆ గడి ఉంటే మనిషిని మళ్లీ వెతికి పట్టుకోగలరు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది ఆడపిల్లల సంగతి. పెళ్లితో ఇంటిపేరు మారడం వల్ల పట్టికల్లో ముందుగా జారిపోయేది వారే, వారితో పాటు వారి సంతానం మొత్తం జారిపోతుంది. అందుకని ప్రతి ఆడపడుచునూ పుట్టింటి ఇంటిపేరు కిందా అత్తింటి ఇంటిపేరు కిందా రెండుచోట్ల రాయండి. రెండోది ఊళ్ల సంగతి. ప్రకాశం జిల్లా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు కందుకూరు ప్రాంతాన్ని నెల్లూరు జిల్లాలోనూ, చీరాల, అద్దంకి ప్రాంతాలను బాపట్ల జిల్లాలోనూ కలిపారు. కనుక పాత పుస్తకంలోని జిల్లా పేరు నేటి చిరునామాకు పనికిరాకపోవచ్చు. ఊరి పేరు పక్కన మండలం, దిగవలసిన బస్టాపు రాసుకుంటే జిల్లాలు ఎన్నిసార్లు మారినా ఇబ్బంది ఉండదు.

పట్టిక పూర్తయ్యాక మైల వర్తించే దాయాదులకు ఒక గుర్తు, ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలవవలసిన వారికి మరొక గుర్తు పెట్టండి. ఊరిలో ఉన్నంతకాలం ఈ తేడాలు పెద్దవారు చూసుకుంటారు కాబట్టి మనకు తెలియవు. దూరంలో ఉన్నప్పుడు చావు కబురు ఎవరికి వెంటనే చెప్పాలో తెలియక జరిగే ఆలస్యం ఏళ్ల తరబడి మనస్పర్థగా మిగులుతుంది. ఈ పట్టిక రాసిన నోటుపుస్తకానికి ఫోటోలు తీసి, ఇంట్లో మరో ఇద్దరి దగ్గరైనా ఉంచండి.

మూడో మెట్టు: అవసరం పుట్టకముందే మొదటి ఫోను చేయండి

ఏళ్ల తరబడి పలకరించని బంధువుకు ఫోను చేసి, ఆ మాటల్లోనే ‘అక్కడ అద్దె ఇల్లు చూసి పెట్టండి’ అని అడిగితే, వారు సాయం చేసినా మనసులో చిన్న నొప్పి మిగులుతుంది. అందువల్ల మొదటి ఫోనులో ఏ పనీ అడగకూడదు. వరస చెప్పుకుని, కారణం చెప్పి, క్షేమం అడిగితే చాలు. ఉదాహరణకు, ‘అత్తా, బాగుండారా? నేను కందుకూరులో మీ నడిపన్న కొడుకుని. చదివింపుల పుస్తకంలో మామయ్య పేరు చూసి నాయన మిమ్మల్ని తలుచుకున్నాడు, అందుకని చేశా’ అంటే, అవతలి నుంచి ‘ఎవురూ, నడిపన్న కొడుకువా? మీ నాయనకి మోకాళ్ల నొప్పులు తగ్గినాయా?’ అని మాట దానంతటదే సాగుతుంది. పక్కన నాయన ఉంటే ఫోను ఆయన చేతికివ్వండి. పెద్దవారు ఇద్దరు మాట్లాడుకున్న తరువాత మీరు చేసే రెండో ఫోనుకు వేరే పరిచయం అక్కరలేదు.

వారు చెప్పినదాన్ని పట్టికలో ఆ రోజే రాసుకోండి. మనవరాలు ఇంటర్ పరీక్షలు రాస్తున్నదని చెప్పి ఉంటే, ఫలితాలు వచ్చిన రోజు ఒక్క ఫోను చేయండి. పండుగనాడు అందరికీ పంపే శుభాకాంక్షల బొమ్మ కంటే ఆ ఒక్క ఫోను వారికి ఎక్కువగా గుర్తుంటుంది.

నాలుగో మెట్టు: వెళ్లాలనుకున్న ఊరిలో ఉన్న బంధువులను అడగవలసిన తీరులో అడగండి

ఈ మెట్టు ఎక్కకముందే, కింద ఐదో మెట్టులో చెప్పినట్టు ఇంటి పెద్దలకు మాట చేరవేయండి. ఒక ఊరి గురించి అక్కడ కాపురం చేస్తున్న బంధువు చెప్పగలిగినంత సమాచారం మరెక్కడా దొరకదు. అయితే ‘అక్కడ ఎట్టా ఉంది?’ అని అడిగితే ‘బాగానే ఉంది’ అన్న జవాబే వస్తుంది, ఎందుకంటే ఊరు విడిచి వెళ్లినవారు తమ కష్టాన్ని బంధువుల ముందు చెప్పుకోరు. జీతం ఎంత అని కూడా అడగవద్దు. ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో అడగండి: పొద్దున ఎన్నింటికి బయలుదేరుతారు, ఇంటికి ఎన్నింటికి చేరతారు, నీళ్లు ఎలా వస్తాయి, ఇల్లు తీసుకునేటప్పుడు ఎన్ని నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చారు. మన కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయానికి కాలువలో నీళ్లు వెళ్తున్నప్పటికీ 2019 వేసవిలో చెన్నై నగరం ట్యాంకర్ల మీద ఆధారపడవలసి వచ్చింది. ఆ వేసవిని అక్కడ గడిపిన మేనమామ కూతురు చెప్పే వివరం ఇంటి ఎంపికలో మీకు ఎంతో ఉపయోగపడుతుంది.

పిల్లలున్న ఇంటివారు బడి భాష గురించి తప్పక అడగాలి. తమిళనాడులో బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. కర్ణాటకలో 2015 నాటి చట్టం కన్నడాన్ని మొదటి లేదా రెండో భాషగా నేర్పాలంటుంది. తెలంగాణలో 2018 నాటి చట్టం తెలుగును తప్పనిసరి చేసింది. ఆరో తరగతి చదువుతున్న పిల్లవాడిని చెన్నైకి తీసుకువెళితే కొత్త లిపితో ఎంత అవస్థ పడతాడో, ఏ బడి ఎంతవరకు సహకరిస్తుందో అక్కడ పిల్లలను చదివించిన వదినే చెప్పగలదు. పై చదువుల సీట్లలో స్థానికతను నిర్ణయించేటప్పుడు అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. పాత విభజన ప్రకారం నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి, ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తాయి. తొమ్మిదో తరగతి తరువాత రాష్ట్రం మార్చిన బంధువులు ఉంటే వారి అనుభవం కనుక్కుని, ఆ ఏడాది నిబంధనలను సరిచూసుకోండి.

ఒక్కరినే అడిగి నిర్ణయానికి రావద్దు. ఇరవై ఏళ్ల కిందట వెళ్లి సొంత ఇల్లు కట్టుకున్నవారు చెప్పే ఖర్చూ, గత ఏడాది వెళ్లినవారు చెప్పే ఖర్చూ ఒకటి కావు. వెళ్లి తిరిగి వచ్చేసినవారు ఉంటే వారిని తప్పక కలవండి, ఎందుకంటే దాచవలసిన అవసరం లేనివారు వారొక్కరే. మీరు అడిగే ప్రతి ఇంటి ఆడవారితో మీ ఇంటి ఆడవారు విడిగా మాట్లాడాలి. పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి పక్కన ఎవరున్నారు, పండక్కి ఇంటికి ఎవరు వచ్చారు అన్న మాటలు మగవారి సంభాషణలో రావు, కాపురం నిలదొక్కుకోవడం మాత్రం వాటిమీదే ఆధారపడి ఉంటుంది. ఊరు చూడడానికి వెళ్లి అక్కడి బంధువుల ఇంట్లో దిగవలసి వస్తే ముందుగా చెప్పి, రెండు రోజులకు మించకుండా ఉండండి. ఇంటికి వట్టి చేతులతో వెళ్లరాదని మనవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఐదో మెట్టు: ఊళ్లో ఉన్నవారికి మీ నోటితోనే చెప్పండి

చెన్నైలోని బావను అద్దెల గురించి అడిగిన మాట కావలిలోని పెదనాయనకు మూడో రోజుకే చేరుతుంది. ఆయన ఆ సంగతిని బయటివారి ద్వారా విన్నారంటే, ‘మాకు చెప్పకుండా పోతా ఉండారు’ అన్న బాధ మీరు వెళ్లిన తరువాత కూడా పోదు. అందువల్ల దూరాన ఉన్నవారిని అడగడానికి ముందే ఇంటి పెద్దలకు, ఆ తరువాత పెదనాయన, చిన్నాయన, మేనత్త, మేనమామలకు ఎదురుగా కూర్చుని చెప్పండి. ఖాయం కాలేదని, ఆలోచన మాత్రమేనని, వారి మాట కూడా కావాలని చెప్పండి. ఆ మాట పైపైన అనకుండా వారు చెప్పేది నిజంగా వినాలి, ముఖ్యంగా పెద్దవారిని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. వాట్సాప్ గ్రూపులో ఇటువంటి కబురు పెట్టడం సరికాదు.

ఆరో మెట్టు: మాటలకు వేళ, నంబర్లకు భద్రత ఏర్పాటు చేసుకోండి

తీరిక దొరికినప్పుడు మాట్లాడదామనుకుంటే తీరిక దొరకదు. వారంలో ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకుని, పట్టికలోంచి ఇద్దరికి ఫోను చేయడం అలవాటు చేసుకోండి. ఈ అలవాటు ఊళ్లో ఉండగానే పడాలి. అవతలివారి పనుల వేళలను కూడా గమనించండి. పెన్నా డెల్టా ఊళ్లలో వరి కోతలు సాగే మార్చి, ఏప్రిల్ రోజుల్లోనూ, కొండపి, కందుకూరు వైపు పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు) కాల్చే రోజుల్లోనూ పగటిపూట ఎవరూ స్థిమితంగా మాట్లాడలేరు.

విదేశాల్లో ఉన్నవారితో గంటల తేడా చూసుకోవాలి. కువైట్, సౌదీ, ఖతర్ మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటాయి, దుబాయ్ గంటన్నర వెనక. దుబాయ్, అబుదాబిలలో వాట్సాప్ ద్వారా సందేశాలు వెళ్తాయి గాని కాల్స్ మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి, అక్కడివారు ‘బోటిమ్’ వంటి అనుమతి ఉన్న యాప్ వాడతారు. అమెరికాలో చాలాచోట్ల మార్చిలోనూ నవంబరులోనూ గడియారం ఒక గంట మారుతుంది. న్యూయార్క్ వైపు వారికి తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు.

మీ పాత నంబరును మార్చకండి. బంధువుల పుస్తకాల్లో రాసి ఉన్నది అదే. వాడకుండా పక్కన పెట్టిన ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజుల తరువాత కంపెనీ నిలిపివేయవచ్చు, కాబట్టి అందులో కనీసం రూ. 20 నిల్వ ఉంచి, అప్పుడప్పుడు ఒక కాల్ చేస్తూ ఉండండి. చదువురాని పెద్దవారికి వాట్సాప్‌లో రాత పంపకుండా మీ గొంతు రికార్డు చేసి పంపండి, వారు మళ్లీ మళ్లీ వింటారు. ఇంటికి ఒకరు చొప్పున ఉన్న చిన్న గ్రూపు చావు, పెళ్లి, ఆసుపత్రి కబుర్లకు ఎంతో మేలు చేస్తుంది. బంధువు పేరుతో కొత్త నంబరు నుంచి అత్యవసరంగా డబ్బు అడిగితే, పట్టికలో ఉన్న పాత నంబరుకు ఫోను చేసి గొంతు విన్నాకే పంపండి. మోసం జరిగితే వెంటనే 1930కు ఫోను చేయాలి.

ఏడో మెట్టు: ఏయే సందర్భాలకు వస్తారో ముందే నిర్ణయించుకోండి

దూరం వెళ్లాక అన్నిటికీ రాలేరు గాని రాక తప్పనివి కొన్ని ఉంటాయి. చావుకు అందలేకపోయినా పెద్దకర్మకు రావాలి. కబురు తెలిసిన రోజే ఫోను చేయాలి, సందేశం పంపి ఊరుకోకూడదు. మీ ఇంట్లో శుభకార్యం ఉంటే బొట్టు పెట్టి పిలవవలసిన ఇళ్లకు మీరు రాలేనప్పుడు మీ తరఫున ఎవరు వెళ్తారో, తోబుట్టువుల్లో ఒకరిని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. మీకు చదివించినవారి ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు పాత పుస్తకం చూసి, అంతకు తగ్గకుండా ఎవరి చేతనైనా చదివించండి.

ఏడాదికి ఒకసారైనా అందరినీ చూడాలంటే పది ఇళ్లు తిరగడం సాధ్యపడదు. బంధువులు వారంతట వారే వచ్చే సందర్భాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. కొందరికి అది సంక్రాంతి, కొందరికి ఊరి తిరునాళ్ల, కొందరికి పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు. మాల్యాద్రి గుడి శనివారం నాడే తెరుస్తారు కాబట్టి అక్కడ మొక్కు పెట్టుకుంటే తేదీ ముందే తెలిసిపోతుంది. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగకు మతం తేడా లేకుండా దూరదూరాల నుంచి కుటుంబాలు తరలివస్తాయి. ఏది ఎంచుకున్నా ‘ఆ రోజు మేము ఉంటాము’ అని అందరికీ తెలియాలి.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే దొరుకుతాయి. 2024 నవంబరు 1కి ముందు ఆ గడువు 120 రోజులు. సంక్రాంతి ప్రయాణానికి నవంబరు రెండో వారంలోనే సిద్ధంగా ఉండాలి. హైదరాబాదు నుంచి సింహపురి, నారాయణాద్రి రాత్రి బండ్లు, చెన్నై, విజయవాడల మధ్య పగటిపూట పినాకిని ఉన్నాయి. రాలేని ఏడాదిలో వస్తువైనా రావాలి. వేసవిలో ఉలవపాడు మామిడికాయల బుట్టను ఆర్టీసీ కార్గోలో బంధువు ఇంటికి పంపే ఏర్పాటును ఊళ్లో ఉన్న తోబుట్టువుతో కలిసి చేసుకోవచ్చు. బుట్ట మీద మీ నాయన పేరూ ఊరూ పెద్ద అక్షరాలతో రాయించండి, పంపినవారు ఎవరో ఆ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఇల్లు, పొలం సంగతి స్పష్టంగా మాట్లాడుకోండి

దూరపు బంధుత్వాలను ఆస్తి లెక్కల కంటే ఎక్కువగా చెడగొట్టేది మరొకటి ఉండదు. పొలం ఎవరు చేస్తారు, కౌలు ఎంత, ఎప్పుడు ఇస్తారు, ఇంటి తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే వంటి పనులు జరిగేటప్పుడు నోటీసు వచ్చిందని చెప్పే మనిషి ఊళ్లో ఉండాలి. ‘మీ భూమి’ అనే ప్రభుత్వ పోర్టల్‌లో 1బి (హక్కుల నమోదు), అడంగల్ (సాగు నమోదు) వివరాలను మీరు కూడా ఏడాదికి ఒకసారి చూసుకోండి. ఉమ్మడి ఆస్తి పంపకం జరగకుండా ఉంటే, వెళ్లకముందే దాయాదులందరూ కూర్చుని తేల్చుకోవడం అన్నివిధాలా మేలు.

తొమ్మిదో మెట్టు: నిర్ణయం ఏదైనా అడిగినవారందరికీ చెప్పండి

మీ కోసం ఇళ్లు చూసినవారు, బడుల వివరాలు కనుక్కున్నవారు, సెలవు పెట్టి ఊరంతా తిప్పినవారు ఆ తరువాత ఏమైందో తెలియక ఎదురుచూస్తుంటారు. వెళ్తున్నట్టయితే ప్రయాణం తేదీ, కొత్త చిరునామా, పిల్లల బడి పేరు చెప్పండి. మానుకున్నట్టయితే ఆ మాటనూ ఫోను చేసి చెప్పి, వారి మాట ఎలా ఉపయోగపడిందో వివరించండి. ఇలా చెప్పనందువల్లే, సాయం చేసిన బంధువు రెండోసారి అడిగినప్పుడు వెనకాడతాడు. వెళ్లిన తరువాత మొదటి నెలలోనే కొత్త చిరునామాను పట్టికలో చేర్చి, ఆ పేజీ ఫోటోను పట్టిక ఉన్న మిగిలిన ఇద్దరికీ పంపండి. వారి దగ్గర కొత్తగా చేరిన పేర్లను, కోడళ్లూ అల్లుళ్లూ పుట్టిన పిల్లలతో సహా, మీ పుస్తకంలో ఎక్కించుకోండి. సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు మూడు ప్రతులనూ పక్కపక్కన పెట్టి, ఇంటి పెద్దవారి ఎదుట ఒకసారి సరిచూసుకోండి.